జ్వరం, తలనొప్పి, వాంతులు: డెంగీ సీజన్లో మెనింజైటిస్, సెప్టిసీమియా పసిగట్టేదెలా?

పూతలపట్టు_సీహెచ్ఓ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. పూతలపట్టు వైపు విలేజ్ హెల్త్ క్లినిక్‌లో పని నాది. వానలు మొదలయ్యాక ఓపీలో సగం జ్వరాలే. వచ్చినోళ్లంతా చెప్పేది ఒకటే మాట: "తల పగిలిపోతాండాది మేడమ్, ఒళ్లంతా నొప్పులు, ఏం తిన్నా కక్కుకుంటాండా." డెంగీ, మలేరియా కిట్లు ఉన్నాయి, చేస్తాం. రెండూ నెగటివ్ అయితే పారాసిటమాల్ ఇచ్చి మూడో రోజు రమ్మంటాం. నా బెంగంతా ఆ మూడు రోజుల గురించే. మెనింజైటిస్ గానీ సెప్టిసీమియా గానీ అయితే అంత టైము ఎక్కడుంటుంది?

పుస్తకంలో జ్వరం, మెడ బిగుసుకోవడం, వెలుతురు చూడలేకపోవడం అని రాసి ఉంటుంది. నెలల బిడ్డల్లో మెడ బిగుసుకోకపోవచ్చని కింద చిన్న అక్షరాల్లో అదే పుస్తకం చెప్తుంది. నా దగ్గర ల్యాబ్ లేదు. థర్మామీటరు, బీపీ మిషను, పల్స్ ఆక్సీమీటరు, గ్లూకోమీటరు, గడియారం, అంతే. వీటితో ఏ జ్వరాన్ని ఆ రాత్రికే 108 ఎక్కించాలో ఎలా తేల్చుకోవాలి? మచ్చల మీద గాజుగ్లాసు పెట్టి చూసే పరీక్ష మన ఒంటి రంగు మీద పనికొస్తుందా? పంపే ముందు ఏం చేయాలి, ఏం చేయకూడదు? హాస్టల్లో ఒకరికి వస్తే మిగతా పిల్లలందరికీ మాత్రలు వేయాలా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పిల్లలవార్డు_తిరుపతి

ముందు రెండింటినీ విడదీసి చూడండి, తర్వాత పని సులువవుతుంది. మెదడునూ వెన్నుపామునూ చుట్టుకున్న పొరలకు ఇన్ఫెక్షన్ వస్తే మెనింజైటిస్. బ్యాక్టీరియా రక్తంలో పెరిగి ఒళ్లంతా పాకితే సెప్టిసీమియా. మెనింగోకాకస్, న్యూమోకాకస్, హిబ్ లాంటి బ్యాక్టీరియాలు రెండూ తెప్పించగలవు, విడివిడిగానైనా ఒకేసారైనా. వీటిలో తొందరగా ప్రాణం తీసేది సెప్టిసీమియా. అందులో మెడ మెత్తగానే ఉంటుంది, బిడ్డ మాట్లాడుతూనే ఉంటుంది. మెడ వంచి చూసి "బాగానే ఉంది" అని ఇంటికి పంపితే దొరకకుండా పోయేది ఇదే.

రక్తంలో ఏం జరుగుతుందో తెలిస్తే లక్షణాలు బట్టీ పట్టక్కర్లేదు. బ్యాక్టీరియా పైపొరలోని విషపదార్థం రక్తనాళాల గోడల్ని దెబ్బతీస్తుంది. గోడల్లోంచి నీరు బయటికి కారుతుంది, లోపల సన్నసన్న గడ్డలు కడతాయి. ఉన్న కాస్త రక్తాన్నీ గుండెకూ మెదడుకూ మిగల్చడానికి శరీరం కాళ్లకూ చేతులకూ సరఫరా తగ్గించేస్తుంది. అందుకే ఒళ్లు కాలిపోతున్నా అరచేతులు, అరికాళ్లు చల్లగా ఉంటాయి. పిక్కలు, తొడలు విపరీతంగా నొప్పి పెడతాయి, బిడ్డ నడవనంటుంది. చర్మం పాలిపోతుంది, లేదా మరకలు మరకలుగా కనిపిస్తుంది. మెనింగోకాకల్ జబ్బు వచ్చిన పిల్లల మీద బ్రిటన్‌లో చేసిన అధ్యయనం ఒకటి 2006లో లాన్సెట్‌లో వచ్చింది. కాళ్ల నొప్పి, చల్లటి చేతులు, చర్మం రంగు మారడం ఈ మూడూ జబ్బు మొదలైన సుమారు 8 గంటలకే కనిపించాయి. మచ్చలు, మెడ బిగుసుకోవడం, మత్తు లాంటి 'పుస్తకం లక్షణాలు' 13 నుంచి 22 గంటల మధ్య వచ్చాయి. మీరు పట్టుకోవాల్సింది ఆ మధ్యలో ఉన్న టైముని.

మీ దగ్గరున్న వాటితో చేయగలిగినవి చెప్తాను. రొమ్ము ఎముక మీద బొటనవేలితో 5 సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడిన చోట 2 సెకన్లలో రంగు తిరిగి రావాలి. 3 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే సరఫరా తగ్గినట్టే. ఒళ్లు నల్లగా ఉండి రంగు తేడా తెలియకపోతే గోరు మీదో అరికాలి మీదో చూడండి. కాకపోతే చలిగదిలో, తడిబట్టతో తుడిచిన వెంటనే వేళ్ల మీద చూస్తే తప్పుదారి పట్టిస్తుంది, రొమ్ము మీదే నమ్మకం.

చొక్కా ఎత్తి, బిడ్డ ఏడవనప్పుడు, ఊపిరి నిండు నిమిషం లెక్కపెట్టండి. 2 నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40, లేదా ఆపైన ఉంటే వేగమే. దగ్గు, గురక ఏమీ లేకుండా ఊపిరి వేగంగా ఉంటే న్యుమోనియా కాదులే అని వదిలేస్తారు. రక్తంలో ఆమ్లం పెరిగినా ఊపిరి అలాగే వేగమవుతుంది.

బీపీ మాత్రం పిల్లల్లో మోసం చేస్తుంది. రక్తనాళాలు బిగబట్టి చివరిదాకా బీపీని నిలబెడతాయి, పడిపోయిందంటే ఆఖరి దశ. బీపీ మామూలుగా ఉందని ధైర్యం చెప్పకండి. పెద్దవాళ్లలో పరవాలేదు, పై అంకె 100 గానీ తక్కువ గానీ ఉండటం, ఊపిరి నిమిషానికి 22 గానీ ఎక్కువ గానీ ఉండటం, మాట తికమక పడటం, వీటిలో రెండుంటే ఆలస్యం చేయొద్దు. అయితే ఇవి లేవు కాబట్టి సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినడం) లేదనుకోకూడదు.

పారాసిటమాల్ వేశాక జ్వరం తగ్గింది కాబట్టి ప్రమాదం లేదన్న లెక్క కూడా తప్పే. కిలోకు 15 మి.గ్రా. చొప్పున వేస్తే సెప్టిసీమియాలోనూ జ్వరం దిగొచ్చు. చూడాల్సింది జ్వరం దిగాక బిడ్డ ఎలా ఉందో. మామూలు వైరల్ జ్వరంలో జ్వరం దిగగానే బిడ్డ లేచి ఆడుకుంటుంది, అమ్మ వైపు చూస్తుంది. జ్వరం దిగినా వాలిపోయి, పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసేస్తే పంపించేయండి.

నెలల బిడ్డల సంగతి పూర్తిగా వేరు. పాలు పట్టకపోవడం, కీచుమని ఏడవడం, ఎత్తుకుంటే ఇంకా ఏడవడం, గుడ్డపేలికలా వాలిపోవడం, మాడు ఉబ్బడం. మాడు చూసేటప్పుడు బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, ఏడుపు ఆగాక చేత్తో తడమండి, ఏడ్చేటప్పుడు ఎవరికైనా ఉబ్బుతుంది. మాడు ఉబ్బకపోయినా మెనింజైటిస్ ఉండొచ్చు, వాంతులతో నీరు పోయిన బిడ్డలో సమంగానే ఉంటుంది. 3 నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) జ్వరం ఉంటే ఇంకేమీ లేకపోయినా పంపండి. నెల లోపు బిడ్డ ఒళ్లు చల్లబడినా, 35.5 కన్నా తక్కువున్నా అంతే తీవ్రంగా తీసుకోండి.

గాజుగ్లాసు గురించి. పారదర్శకంగా ఉన్న గ్లాసు పక్కభాగాన్ని మచ్చ మీద గట్టిగా అదిమి, గాజులోంచి చూడాలి. మామూలు దద్దురు మాయమవుతుంది. చర్మం లోపల రక్తం చిమ్మిన మచ్చ అలాగే ఉంటుంది. మొదట గుండుసూది తలంత చుక్కలు, తర్వాత ఊదారంగు మరకలు. మన రంగు మీద అరచేతులు, అరికాళ్లు, కింది కనురెప్ప లోపల, అంగిట్లో, పొట్ట మీద చూడండి. ఇలాంటి చుక్కలే డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గినా వస్తాయి, గ్లాసు రెండింటినీ విడదీయలేదు. ఏదైనా జ్వరంతో పాటు నొక్కినా పోని చుక్కలుంటే ఆసుపత్రికే. మచ్చలు లేకపోతే ఏమీ లేదనుకోవడం మాత్రం పెద్ద పొరపాటు. న్యూమోకాకల్ మెనింజైటిస్‌లో మచ్చలు రావడమే అరుదు.

ఐసీయూ_సిస్టర్

పంపే ముందు ఏం చేయాలో నేను రాస్తాను.

ఫిట్స్ వస్తుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో స్పూను, తాళాలు, వేళ్లు ఏమీ పెట్టనివ్వద్దు. 5 నిమిషాలు దాటితే ముక్కులో మిడజోలామ్ స్ప్రే, కిలోకు 0.2 మి.గ్రా. స్ప్రే మీద ఒక పఫ్‌కు ఎంతో రాసి ఉంటుంది, 0.5 మి.గ్రా. దీ ఉంది, ఎక్కువదీ ఉంది, చూసి లెక్కేయండి. గ్లూకోమీటరు ఉందన్నారు కాబట్టి వెంటనే షుగర్ చూడండి. జబ్బుపడి పాలు మానేసిన బిడ్డకు షుగర్ పడిపోవడం వల్లనే మత్తు రావొచ్చు. మింగగలిగితే తల్లిపాలు, లేదా 200 మి.లీ. నీళ్లలో 4 టీస్పూన్లు (తలగొట్టి) చక్కెర కలిపి అందులో 30 నుంచి 50 మి.లీ. మత్తులో ఉంటే నోటి ద్వారా ఏదీ వద్దు, మాత్ర కూడా.

యాంటీబయాటిక్ మొదటి డోసు: ఐఎమ్‌ఎన్‌సీఐ (పసిబిడ్డల, పిల్లల జబ్బులకు ప్రభుత్వ మార్గదర్శకం) చార్టులో 'చాలా తీవ్రమైన జ్వరం' గడిలో పంపే ముందు ఇంజెక్షన్ వేయమనే ఉంది, బరువును బట్టి డోసూ ఉంది. మీ మెడికల్ ఆఫీసర్‌కు ఫోన్ చేసి వేయండి. ఆ ఇంజెక్షన్ కోసం మాత్రం బండి ఆపకండి, 108 వచ్చేలోపు అయితే వేయాలి, లేకపోతే వెళ్లిపోవాలి. నోటి మాత్ర వేసి పంపడం మాత్రం అసలొద్దు, ఎందుకో ల్యాబ్ వాళ్లు చెప్తారు.

డైక్లోఫెనాక్ సూది వద్దు. డెంగీ అయితే రక్తస్రావం, సెప్సిస్ అయితే కిడ్నీలు.

స్లిప్ మీద రాయాల్సినవి: జ్వరం ఏ రోజు ఏ పూట మొదలైంది, చివరిసారి మూత్రం ఎప్పుడు పోశారు, పారాసిటమాల్ ఎప్పుడు ఎంత, ఇంతకు ముందు బయట వేసిన ఇంజెక్షన్లు, సిరప్‌ల పేర్లు. పేర్లు తెలియకపోతే ఖాళీ సీసాలు, స్ట్రిప్పులు కవర్లో వేసి పంపండి. టీకా కార్డు కూడా.

ఎక్కడికి పంపాలన్న చర్చతో ఒక గంట పోతుంది. స్విమ్స్‌కా, రుయాకా, వేలూరుకా అని బంధువులు ఫోన్లు పట్టుకుని నిలబడతారు. మీకు దగ్గర్లో సెలైన్ పెట్టి, రక్తం తీసి, మొదటి డోసు ఎక్కించగలిగిన ఆసుపత్రి ఏదో అక్కడికి ముందు. మీకైతే చిత్తూరే దగ్గర. అక్కడ నిలబెట్టాక పెద్ద చోటికి మార్చొచ్చు. సెప్టిక్ షాక్ (ఇన్ఫెక్షన్‌తో రక్తప్రసరణ కుప్పకూలడం) అనుకుంటే గంటలోపు యాంటీబయాటిక్ పడాలి, ఆ లెక్కలో దారి కూడా ఉంది.

బెంచ్_మైక్రోబయాలజీ

సిస్టర్ చెప్పిన నోటి మాత్ర సంగతి. జ్వరం అనగానే మెడికల్ షాపులో సెఫిక్సిమ్, అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్ రెండు డోసులు పడి ఉంటాయి. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే వెన్నునీటిలోకి చేరే మందు చాలదు కాబట్టి మెనింజైటిస్ నయం కాదు. బ్యాక్టీరియాను కాస్త అణచిపెడుతుంది, అంతే. బిడ్డ ఒక పూట మెరుగ్గా కనిపిస్తుంది, కల్చర్‌లో (క్రిమిని పెంచి చూసే పరీక్షలో) ఏమీ పెరగదు, ఏ క్రిమికి ఏ మందో తెలియక డాక్టరు చీకట్లో వైద్యం చేయాల్సి వస్తుంది. సగం వైద్యం జరిగిన మెనింజైటిస్ రిపోర్టు టీబీ మెనింజైటిస్‌లా కనిపించి ఇంకా తికమక పెడుతుంది.

వెన్నునీటి పరీక్ష గురించి భయాలు చాలా, కాళ్లు పడిపోతాయని కూడా. నడుము దగ్గర మూడో, నాలుగో ఎముకల మధ్య, లేదా నాలుగు, అయిదు మధ్య సూది వెళ్తుంది. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము మొదటి రెండు ఎముకల దగ్గరే అయిపోతుంది. సూది వెళ్లే చోట నీళ్లలో తేలే నరాల పోగులే ఉంటాయి, అవి పక్కకు జరుగుతాయి. పెద్దవాళ్లలో మొత్తం నీరు సుమారు 150 మి.లీ., రోజుకు సుమారు 500 మి.లీ. కొత్తది తయారవుతుంది. తీసే కొన్ని మి.లీ. కొద్ది గంటల్లోనే తిరిగి వస్తుంది. తర్వాత కొందరికి తలనొప్పి కొన్ని రోజులుంటుంది, లేచి కూర్చుంటే ఎక్కువ, పడుకుంటే తక్కువ. కాళ్లు పడిపోవడమన్నది జబ్బు వల్ల వచ్చేదే, చాలాసార్లు పరీక్ష ఆలస్యమైన వాళ్లలో.

చేయకూడని పరిస్థితులూ ఉన్నాయి. షాక్‌లో ఉన్నా, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినా, మెదడులో ఒత్తిడి పెరిగిన గుర్తులున్నా (ఒక కంటిపాప పెద్దదవడం, ఒక పక్క చేయి కాలు బలహీనం, స్పృహ పడిపోతూ ఉండటం), సూది గుచ్చే చోట చీము ఉన్నా ఆపుతారు. అప్పుడు ముందు రక్తం కల్చర్‌కు తీసి, వెంటనే మందు మొదలుపెట్టి, స్కాన్ తర్వాత చూసుకుంటారు. స్కాన్ క్యూలో మందు వేయకుండా కూర్చోబెట్టడం మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. మందు పడ్డాక మెనింగోకాకస్ సుమారు 2 గంటల్లో, న్యూమోకాకస్ కొన్ని గంటల్లో కల్చర్‌లో పెరగకుండా పోతాయి. కానీ కణాలు, ప్రొటీన్ ఇంకో రెండు మూడు రోజులు అలాగే తేడాగా ఉంటాయి, అందుకని ఆలస్యంగా తీసినా పరీక్ష దండగ కాదు.

రిపోర్టు చదవడం: మామూలు నీరు స్వచ్ఛంగా ఉంటుంది, తెల్లకణాలు 5 లోపు, ప్రొటీన్ 15 నుంచి 45 మి.గ్రా., షుగర్ రక్తంలో ఉన్నదానిలో మూడింట రెండొంతులు. బ్యాక్టీరియా అయితే నీరు మబ్బుగా, కణాలు వందలు, వేలు, ఎక్కువ న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు), షుగర్ పడిపోయి, ప్రొటీన్ 100 దాటి. వైరల్ అయితే లింఫోసైట్లు (ఇంకో రకం తెల్లకణాలు), షుగర్ మామూలే. టీబీలో లింఫోసైట్లు, షుగర్ తక్కువ, ప్రొటీన్ బాగా ఎక్కువ, కథ కూడా వారాల నుంచి సాగుతూ ఉంటుంది. అందుకే వెన్నునీరు తీసే ముందు రక్తంలో షుగర్ చూసి స్లిప్ మీద రాయాలి. అది లేకుండా '40' అని వస్తే దానికి అర్థమే లేదు. షుగర్ జబ్బున్నవాడికి అది చాలా తక్కువ, పాలు తాగని బిడ్డకు మామూలే.

ఈ మాట వార్డుల వాళ్ల కోసం. కల్చర్‌కు తీసిన వెన్నునీటిని ఫ్రిజ్‌లో పెట్టకండి. మెనింగోకాకస్, హిబ్, న్యూమోకాకస్ చలికి చచ్చిపోతాయి. బయట గది వేడిలోనే ఉంచి వెంటనే పంపండి, గదిలోనే రెండు గంటలుంటే న్యూట్రోఫిల్స్ సగానికి సగం చెడిపోతాయి, కణాల లెక్క తప్పుతుంది. గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి మైక్రోస్కోపులో క్రిమిని చూడటం) గంటలో చెప్పగలం. రక్తం కల్చర్‌కు పెద్దవాళ్లలో బాటిల్‌కు 8 నుంచి 10 మి.లీ., 2 మి.లీ. పోసి పంపితే పెరగాల్సింది కూడా పెరగదు.

పూతలపట్టు_సీహెచ్ఓ

చాలా థాంక్స్ సార్, సిస్టర్. ఇంకో రెండు. ఇక్కడ ప్రతి జ్వరానికీ బయట విడాల్ రక్తపరీక్ష చేసి "టైఫాయిడ్" అని ఇంట్లోనే సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ సెలైన్లు పెట్టించుకుంటాండారు. మెనింజైటిస్‌కూ అదే మందు గదా, పర్లేదా? రెండోది, మన దగ్గర స్క్రబ్ టైఫస్ చాలా ఉంది, అది కూడా మెదడుకు పాకుతుందంటారు, దాన్ని ఎట్లా విడదీయాలి?

పిల్లలవార్డు_తిరుపతి

విడాల్ గురించి నాకు ఓపిక తక్కువ. ఒక్కసారి చేసిన విడాల్ మన ప్రాంతంలో దేనికీ పనికిరాదు. ఎప్పుడో వచ్చిన టైఫాయిడ్, ఇంకేదో జ్వరం, ఏదైనా పాజిటివ్ చూపిస్తుంది. టైఫాయిడ్ అనుమానం ఉంటే రక్తం కల్చరే, అదీ యాంటీబయాటిక్ పడకముందు.

ఇంట్లో పెట్టే సెఫ్ట్రియాక్సోన్ సాధారణంగా రోజుకు 1 గ్రాము. పెద్దవాళ్లకు మెనింజైటిస్‌లో 12 గంటలకోసారి 2 గ్రాములు కావాలి, పిల్లలకు రోజుకు కిలోకు 100 మి.గ్రా. వరకు. మొండి న్యూమోకాకస్ ఉండొచ్చని తోడుగా వాంకోమైసిన్ వేస్తారు. 50 దాటినవాళ్లకు, గర్భిణులకు లిస్టీరియా అనే బ్యాక్టీరియా కోసం ఆంపిసిలిన్ కలుపుతారు, ఆ బ్యాక్టీరియా మీద సెఫ్ట్రియాక్సోన్ పని చేయదు. మొదటి డోసుతో పాటు గానీ కాస్త ముందు గానీ డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంటుంది, కిలోకు 0.15 మి.గ్రా. 6 గంటలకోసారి. వినికిడి పోకుండా కాపాడటంలో దానిది పెద్ద పాత్ర, యాంటీబయాటిక్ పడి చాలా గంటలయ్యాక మొదలుపెడితే ఉపయోగం లేదు. నెల లోపు బిడ్డకు సెఫ్ట్రియాక్సోన్‌ను కాల్షియం ఉన్న ద్రవాలతో కలిపి ఇవ్వకూడదు కూడా, అందుకే వాళ్లకు సెఫొటాక్సిమ్ వాడతాం. కాబట్టి ఇంట్లో పెట్టే సెలైను అరకొర డోసు, అర్ధాంతరపు వైద్యం.

స్క్రబ్ టైఫస్ సంగతి మీరు అడిగి మంచి పని చేశారు. తిరుపతి, చిత్తూరు, వేలూరు చుట్టుపక్కల వానల తర్వాత చలికాలం దాకా ఎక్కువ. పొదల్లో, గడ్డిలో ఉండే చిన్న నల్లిలాంటి పురుగు పిల్ల కాటుతో వస్తుంది. కాటు దగ్గర సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొరకట్టిన పుండు, చుట్టూ ఎరుపు. నొప్పి, దురద ఉండవు కాబట్టి రోగికే తెలియదు. వెతికే చోట్లు: చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, చెవి వెనక, వీపు, మొలతాడు కింద, పిల్లల్లో వృషణాల తొక్క మీద. బట్టలు తీయించి, వెలుతురులో, నిదానంగా చూడాలి. అందరికీ పుండు ఉండదు, అది మరిచిపోవద్దు.

వారం దాటిన జ్వరం, తలనొప్పి, తికమక, కాస్త మెడ బిగుసుకుంటే మెదడు పొరలకూ పాకి ఉండొచ్చు. వెన్నునీటిలో లింఫోసైట్లు పెరుగుతాయి, షుగర్ దాదాపు మామూలే, చూస్తే వైరలో టీబీయో అనిపిస్తుంది. దీని మీద సెఫ్ట్రియాక్సోన్ ఏమీ చేయదు. నాలుగు రోజులు పెద్ద యాంటీబయాటిక్ పడినా జ్వరం దిగకపోతే డాక్సీసైక్లిన్ గుర్తుకు రావాలి. పెద్దవాళ్లకు 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, సాధారణంగా 7 రోజులు. పిల్లలకూ ఈ తక్కువ రోజుల కోర్సు ఇవ్వొచ్చు. గర్భిణులకు అజిత్రోమైసిన్. 48 గంటల్లో జ్వరం దిగడం స్క్రబ్‌కు మంచి ఆనవాలు. తీవ్రంగా ఉంటే డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ నరంలోకి ఇస్తే మేలని వేలూరు సీఎంసీ నడిపించిన పరిశోధన 2023లో తేల్చింది.

ఇంకో గుంపును వదిలేయకండి. చెవిలో చీము ఏళ్లుగా కారుతున్నవాళ్లు, బైక్ మీద పడి తలకు దెబ్బ తగిలి ముక్కులోంచి తేటనీరు కారుతున్నవాళ్లు, ప్లీహం తీసేసినవాళ్లు. వీళ్లకు న్యూమోకాకల్ మెనింజైటిస్ ముప్పు ఎక్కువ, మళ్లీ మళ్లీ రావొచ్చు. వంగినప్పుడు ముక్కు ఒకవైపు నుంచి నీళ్లు చుక్కలుగా కారుతున్నాయా అని అడగండి, జలుబు అనుకుని చెప్పరు.

టీకాలు_కోల్డ్‌చైన్

హాస్టల్ ప్రశ్నకు. మాత్రలు వేయాల్సింది మెనింగోకాకస్ అని తేలినప్పుడు, లేదా గట్టి అనుమానం ఉన్నప్పుడు మాత్రమే. న్యూమోకాకస్‌కు అవసరం లేదు. వైరల్‌కు, స్క్రబ్‌కు అసలే లేదు. టీబీ మెనింజైటిస్ మెదడు నుంచి అంటదు, కానీ ఆ ఇంట్లో ఎవరికో ఊపిరితిత్తుల టీబీ ఉండొచ్చు, ఇంట్లో అందరికీ గళ్ల పరీక్ష, ఎక్స్‌రే చేయించాలి.

మెనింగోకాకస్ అయితే జబ్బు మొదలవడానికి ముందు 7 రోజుల్లో అదే గదిలో పడుకున్నవాళ్లు, ఇంట్లోవాళ్లు, నోటి తడి తగిలేంత దగ్గరగా మెలిగినవాళ్లు, రోగికి శ్వాసగొట్టం వేసిన సిబ్బంది. బడి మొత్తానికి కాదు, వార్డు మొత్తానికి కాదు. పెద్దవాళ్లకు సిప్రోఫ్లాక్సాసిన్ 500 మి.గ్రా. ఒకే ఒక్క డోసు. లేదా రిఫాంపిసిన్ 600 మి.గ్రా. 12 గంటలకోసారి 2 రోజులు, పిల్లలకు కిలోకు 10 మి.గ్రా., నెల లోపు అయితే 5. రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజరంగు వస్తుందని ముందే చెప్పండి, లేకపోతే భయపడి మానేస్తారు. గర్భనిరోధక మాత్ర కూడా పని చేయకుండా పోతుంది. గర్భిణులకు సెఫ్ట్రియాక్సోన్ 250 మి.గ్రా. ఒక కండరపు సూది. తొలి 24 గంటల్లో వేస్తేనే గుణం ఎక్కువ. మాత్ర వేసుకున్నా జబ్బు లోపల మొదలై ఉండొచ్చు, లక్షణాలు బయటపడటానికి సాధారణంగా 3, 4 రోజులు, 10 రోజుల దాకా పట్టొచ్చు. ఆ పది రోజులూ రాత్రి జ్వరాన్ని కూడా వార్డెన్ చూడాలి.

టీకాల దగ్గర జనం ఒకదాన్ని ఇంకోటి అనుకుంటారు. 'మెదడువాపు టీకా వేయించాం' అని చెప్పే తల్లి జపనీస్ ఎన్‌సెఫలైటిస్ టీకా గురించి చెప్తోంది, అది దోమ ద్వారా వచ్చే వైరస్‌కు. బ్యాక్టీరియా మెనింజైటిస్‌కు అడ్డుగోడ వేరే సూదుల్లో ఉంది. పెంటావాలెంట్‌లో హిబ్ ఉంది: 6, 10, 14 వారాలు. న్యూమోకాకల్ టీకా 6, 14 వారాలు, 9వ నెలలో బూస్టర్, 2021 నుంచి దేశమంతటా ఉచితం. పుట్టినప్పటి బీసీజీ, పసిపిల్లలకు టీబీ మెనింజైటిస్ రాకుండా బాగా కాపాడుతుంది. మెనింగోకాకల్ ఏసీడబ్ల్యూవై టీకా ప్రభుత్వ పట్టికలో లేదు. ప్లీహం లేనివాళ్లకు, హజ్, ఉమ్రాకు వెళ్లేవాళ్లకు (చేరే 10 రోజుల ముందైనా), అమెరికాలో హాస్టల్లో చేరబోయే విద్యార్థులకు వేయిస్తారు. వీసా వచ్చాక చివరి వారంలో పరిగెత్తకండి, అన్ని చోట్లా ఎప్పుడూ స్టాకు ఉండదు. ఢిల్లీలో 1966, 1985, 2005లో, మేఘాలయ, త్రిపురల్లో 2008, 2009 ప్రాంతంలో మెనింగోకాకస్ 'ఏ' గ్రూపు పెద్ద ఎత్తున వచ్చింది. మన వైపు పెద్దగా వినపడదని పూర్తిగా పక్కన పెట్టేదేం కాదు.

ఐసీయూ_సిస్టర్

డిశ్చార్జ్ తర్వాత చూడాల్సింది ఒకటి అందరూ మరిచిపోతారు. బ్యాక్టీరియా మెనింజైటిస్ వచ్చినవాళ్లలో ఆరుగురిలో ఒకరు చనిపోతారని, అయిదుగురిలో ఒకరికి తీవ్రమైన లోపాలు మిగులుతాయని డబ్ల్యూహెచ్ఓ లెక్క. ఆ లోపాల్లో ముఖ్యమైనది చెవుడు. పెద్దవాళ్లు చెప్పగలరు. చిన్న బిడ్డ మాత్రం తలుపు చప్పుడుకు ఉలిక్కిపడుతుంది, తల్లి పెదవులు చూసి నవ్వుతుంది, వినపడుతోందనే అనుకుంటారు. ఇంటికెళ్లే ముందే, కుదరకపోతే 4 వారాల్లోపు వినికిడి పరీక్ష చేయించాలి. ఆలస్యం ఎందుకు పనికిరాదంటే, ఇన్ఫెక్షన్ తర్వాత లోపలి చెవి కోక్లియా ఎముకలా గట్టిపడిపోవచ్చు, అప్పుడు కోక్లియర్ ఇంప్లాంట్ తీగ లోపలికి దూరదు. ఇంప్లాంట్‌కు ప్రభుత్వ ఆరోగ్య పథకంలో దారి ఉంది, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర వయసు నిబంధన, కాగితాలు ముందే కనుక్కోండి.

పూతలపట్టు_సీహెచ్ఓ

బెరా అనే వినికిడి పరీక్షకు పంపిన బిడ్డల్ని "మళ్లీ ఇంకో రోజు రండి" అని తిప్పి పంపారని తల్లులు చెప్తాండారు. ముందే ఏమైనా జాగ్రత్త తీసుకోవాలా సిస్టర్?

ఐసీయూ_సిస్టర్

బిడ్డ నిద్రపోకపోతే పరీక్ష అవదు మేడమ్, ఎక్కువగా అందుకే తిప్పి పంపేది. ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున పెందలాడే లేపమనండి. బస్సులో, ఆటోలో నిద్రపోనివ్వకూడదు, కష్టమే గానీ తప్పదు. పాలు అక్కడికెళ్లాక, పరీక్షకు కాస్త ముందు పట్టాలి, కడుపు నిండితే నిద్ర పడుతుంది. నిద్రమందు సిరప్ ఇచ్చే చోటైతే ఎన్ని గంటల ముందు నుంచి ఏమీ పెట్టకూడదో ఫోన్ చేసి అడగండి, అప్పుడీ పాల లెక్క వర్తించదు. జలుబు, చెవిలో గులిమి ఉంటే ముందే చూపించి శుభ్రం చేయించాలి. ఇంకోటి, ఆ రోజు తలకు నూనె పెట్టొద్దని గట్టిగా చెప్పండి. నుదుటి మీద, చెవుల వెనక ఎలక్ట్రోడ్లు అంటించాలి, నూనె ఉంటే జారిపోతాయి, ఎంత తుడిచినా సిగ్నల్ సరిగా రాదు.